బోరు నీళ్ళతో కడిగిన రేసు బండి

2023 చలికాలం. నందిగామలో హైవే సర్వీసు రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. అప్పటికి ముప్ఫయ్యేళ్ళుగా బండ్లు విప్పుతున్నా. కీసర దగ్గర ఇంజను దగ్గితే ఇక్కడ కూర్చునే ఏ వాల్వు పోయిందో చెప్పగలనని ఊళ్ళో ఒక ప్రచారం ఉంది. ఆ ప్రచారం చేసింది నేనే.

జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనుల పక్కన బీడు భూముల్లో కొంతమంది మోటారుసైకిళ్ళ మీద మట్టి రేసులు సాధన చేస్తారు. వాళ్ళ బండ్లు నా దగ్గరికే వచ్చేవి. వాళ్ళలో ప్రసన్న ఒకతె. వీరులపాడు అమ్మాయి, ఇరవై రెండేళ్ళు. వాళ్ళ నాన్న ఫిలిప్ మాస్టారి స్కూటరు మొదట్నుంచీ నా షెడ్డుకే వస్తుంది కాబట్టి, ఈ పిల్ల నా కథలు వింటూ పెరిగిందనే చెప్పాలి.

ఆ సోమవారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో బండి వేసుకుని దిగింది. ముందు రోజు బందరు వైపు సముద్రం ఒడ్డున ఇసుక రేసు.

"బాబాయ్, నీళ్ళలో రెండు సార్లు పడ్డా. నాకేం కాలేదు. బండికేమైందో చూడండి."

బండి ఆమెది కాదు. హైదరాబాదు టీము ఒకటి నమ్మి చేతికిచ్చింది. శుక్రవారం అక్కడ మట్టి ట్రాకు మీద ఇంకో రేసు. దానికి ముందు స్క్రూటినీ ఉంటుంది, అంటే బండి పరుగుకి పనికొస్తుందో లేదో నట్టు నట్టూ పట్టి చూస్తారు. అందులో పోతే బండి ఇంకొకరికి వెళ్ళిపోతుంది, ఈమె ఇంటికొస్తుంది.

నేను ధైర్యం చెప్పా. ఒకసారి తుఫానుకి వారం రోజులు సముద్రంలో మునిగిన మోపెడ్డుని బతికించాననీ, దాని టూల్ బాక్సులో ప్రాణంతో ఉన్న ఎండ్రకాయ దొరికితే బందరు బస్సెక్కించి పంపాననీ.

"పోయినసారి అది చేప అన్నారు," అంది ప్రసన్న.

ఉప్పు సంగతి కొంచెం చెప్పాలి. అది గాల్లో తేమని లాక్కుని అంటుకున్న చోటే కూర్చుంటుంది. ఇనుమైతే తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియమైతే తెల్లగా పొడి లేపుతుంది. బరువు తగ్గాలని రేసు బండిలో సగం అల్యూమినియమే వాడతారు. అందుకని ఆలస్యం చెయ్యకుండా ప్రెషర్ వాషర్ పెట్టా. నీళ్ళని గట్టిగా చిమ్మే పంపు అది. షెడ్డు బోరు నుంచి నీళ్ళు లాగి గంట సేపు కడిగి, గాలి కొట్టి ఆరబెట్టా. బండి పెళ్ళికొడుకులా మెరిసింది. ప్రసన్నని ఇంటికి పంపేశా.

మంగళవారం పొద్దున చూస్తే ఒళ్ళంతా తెల్లటి చారలు. సముద్రం ఇంకా వదల్లేదనుకుని మళ్ళీ కడిగా, ఈసారి ఇంకా గట్టిగా. మధ్యాహ్నానికి ఇంకా తెల్లబడింది.

మా ఆవిడ సరోజిని క్యారేజీ తెచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఈ బోరు నీళ్ళకి పప్పు ఉడకదని పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్తున్నా. మనం తాగడానికి టిన్ను నీళ్ళు కొంటున్నాం. ఈ బండి ఏం పాపం చేసిందండీ?"

పైపు కింద వేలు పెట్టి నాలిక మీద వేసుకున్నా. ఉప్పగా ఉన్నాయి. మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే, నాకూ తెలుసు. కానీ వంటకి పనికిరాని నీళ్ళు బండికి పనికిరావని ముప్ఫయ్యేళ్ళలో ఒక్కరోజూ తట్టలేదు. మామూలు బండ్లయితే తుడిచేసి పంపేస్తాం కాబట్టి చెల్లిపోయింది. సముద్రం ఉప్పు పైపైన ఉంటే, నేను పంపు పెట్టి మా ఊరి ఉప్పుని బేరింగుల్లోకి తోశానన్నమాట.

బాగా పాలిష్ పెట్టి స్ప్రే కొడితే శుక్రవారం దాకా మెరుస్తూనే ఉండేది. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. రెండు సార్లు వచ్చింది. ఆ తర్వాత ప్రసన్నకి ఫోన్ చేశా. బండిని ఉప్పు నీళ్ళతో కడిగానని చెప్తే అవతల నవ్వు.

"ఈ కథలో ఎండ్రకాయ ఎప్పుడొస్తుంది బాబాయ్?"

"రాదమ్మా. నువ్వు బస్సెక్కి రా."

వచ్చింది. వెనక చక్రం విప్పి బేరింగు చేతిలో పెట్టా. తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరలాడి గోధుమ రంగు నీళ్ళు కారాయి. తనే ఇంకోసారి తిప్పి చూసింది. తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేది.

"టీమువాళ్ళు నన్ను తీసుకోవాలా వద్దా అని ఊగుతున్నారు బాబాయ్. అమ్మాయికి బండి చూసుకోవడం రాదంటారని నా భయం. ఉప్పు ఎక్కడెక్కడికి పోయుంటుందో చెప్పండి. కథలొద్దు, చోట్లు చెప్పండి."

ట్యూబుల అట్టపెట్టె చింపి దాని మీద మార్కరుతో రాసుకుంది. నేను చెబుతూ పోయా. ఇరవై మూడు చోట్లు తేలాయి.

వాటర్ ప్లాంటుకెళ్ళి ఇరవై లీటర్ల టిన్నులు పదిహేను అడిగితే, ఎవరింట్లో ఫంక్షనండీ అన్నాడు ప్లాంటు ఆయన. బండికి స్నానం అని నిజమే చెప్పా. నమ్మలేదు, భోజనాలకి తనని పిలవడం ఇష్టంలేక అంటున్నాననుకున్నాడు.

ఈసారి పంపు ముట్టుకోలేదు. మగ్గుతో పై నుంచి కిందికి మెల్లగా, చన్నీళ్ళే పోశాం. వేడి తగిలితే ఉప్పు లోహాన్ని తినడం ఇంకా జోరవుతుంది. తర్వాత షాంపూ, మళ్ళీ మంచినీళ్ళు. బుధవారమంతా విప్పడమే సరిపోయింది. హ్యాండిలు మెడలో, వెనక సస్పెన్షన్‌లో, చక్రాల్లో బేరింగులన్నీ తీసేసి బెజవాడ నుంచి కొత్తవి తెప్పించాం. చైను పోయింది, మార్చాం. కనెక్టర్లు, అంటే వైర్లు కలిసే చోట్లు, ఒక్కోటీ ఊడదీసి క్లీనర్ కొట్టి ఆరాక గ్రీజు పూశాం. చివర్లో తుప్పు ఆపే స్ప్రే, అది పడితే బ్రేకు పట్టదు కాబట్టి డిస్కులకి మాత్రం గుడ్డ చుట్టి.

గురువారం మధ్యాహ్నానికి ఇరవై రెండు చోట్లకి టిక్కు పడింది. మిగిలింది ఇంజను ఆపే స్విచ్చి. పైకి శుభ్రంగానే ఉంది, చాల్లే అన్నా.

"మీరు చాల్లే అంటేనే నాకు అనుమానం," అని స్క్రూడ్రైవరు తనే తీసుకుంది.

విప్పితే లోపల రాగి పచ్చగా పాచిపట్టినట్టుంది. అలాగే వదిలేస్తే, రేసులో దిబ్బ మీంచి బండి గాల్లోకి లేచిన క్షణాన ఇంజను ఆగిపోయినా పోయేది. టూత్ బ్రష్షుతో ఆ పచ్చదనం పోయేదాకా తనే రుద్దింది. సాయంత్రం ట్రాలీ ఆటో కదిలింది.

శుక్రవారం స్క్రూటినీ ఆయన ముందు చక్రం పట్టుకుని ఊపి, బేరింగులన్నీ కొత్తవేంటని అడిగాడట. ప్రసన్న ఆ అట్టముక్క తీసి ఇచ్చింది. పైన 'బోరు ఉప్పు నీళ్ళతో కడిగాం, పొరపాటు' అని రాసుంది. ఆయన ఇరవై మూడూ చదివి, సగం చోట్ల చెయ్యి పెట్టి చూసి, బండిని పంపాడు.

రేసులో ప్రసన్న ఐదోదిగా వచ్చింది. మొదటిదని రాయడానికి చెయ్యి లాగుతోంది గానీ ఐదే. ఆ సీజనంతా టీమువాళ్ళు బండి ఆమె దగ్గరే ఉంచారు.

బాగుచేసి పంపడమే నా పని అని అంతవరకూ అనుకునేవాణ్ణి. బండి మీద కూర్చునేది నేను కాదు. దాని లోపల ఏం జరిగిందో కూర్చునే మనిషికి తెలియాలి, నా చేత్తో జరిగింది ముందుగా తెలియాలి. ఇప్పుడు సముద్రం నుంచి ఏ బండి వచ్చినా, చుక్క పడేముందు కడిగే నీళ్ళు నాలిక మీద వేసుకుని చూస్తా. ఆ తర్వాత నా వల్ల ఏదైనా చెడితే బండివాళ్ళకి ఆ రోజే చెప్తా. మొదటిది సులువు, ఉమ్మేస్తే పోతుంది. రెండోది గొంతు దాటి రావడానికి ఇప్పటికీ కాస్త టైము పడుతోంది.