బ్రేకు కింద నిమ్మకాయ

టైరు అరగకుండా బండి నడపడం నైపుణ్యమా, పిరికితనమా? సూటిగా చెప్పండి, తప్పించుకునే జవాబులు చెల్లవు.

గాజువాకలో సిటీ బస్సు నడిపి రిటైరైన జగ్గారావుపై ముప్ఫై ఏళ్లపాటు నిలిచిన అభియోగం ఆ రెండోదే. డిపోలో అందరికంటే అతని బస్సు టైర్లే ఎక్కువకాలం మన్నేవి. నత్తలా పోతే ఎవరి టైర్లయినా మన్నుతాయని తోటివారు కొట్టిపారేసేవారు. అది ఒడుపేనని నిరూపించే అవకాశం ఉద్యోగంలో ఉండగా రాలేదు. 2006లో షానవాజ్ నెట్ సెంటర్‌లో వచ్చింది.

అక్కడ రెండు కంప్యూటర్లకు స్టీరింగులు, కింద పెడళ్లు బిగించి ఉండేవి. ఆదివారం మూడు గంటలపాటు సాగే కారు రేసు. తెర మీది కారుకూ టైర్లు అరుగుతాయి. అరిగితే మలుపుల్లో జారుతుంది. మార్చడానికి ఆగితే సమయం పోతుంది. ఈ సంగతి విన్న రోజే జగ్గారావు పేరిచ్చాడు, దారిలో ఒక నిమ్మకాయ కొన్నాడు.

కొత్త బండి కదిలేముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం డ్రైవర్ల ఆచారం. ఇక్కడ చక్రం తెరలో ఉంది. కాసేపు ఆలోచించి, వారం రోజులకు ఎండి గట్టిపడిన ఆ కాయను అతడు బ్రేకు పెడలు కింద పెట్టాడు. తొక్కగానే నలుగుతుందనుకున్నాడు. ఆట మొదలయ్యాక దాన్ని మరిచిపోయాడు.

“ఏటి బాబాయ్, స్టాపు స్టాపుకీ ఆపుతన్నావేటి?” అన్నాడు రెండో స్టీరింగు పట్టిన సెంటరు ఓనరు షానవాజ్, ముందుకు దూసుకుపోతూ.

“నువ్వెల్లు. నాను ఎనకాల వత్తన్నాను.”

పక్కన నిలబడ్డ పాత కండక్టరు పైడయ్య ఊరుకోలేదు. “నాను రైట్ రైట్ అనాలేటి బావా? లేకపోతే కదలవా?”

ప్రతి మలుపులోనూ చివరి క్షణంలో బ్రేకు తొక్కిన షానవాజ్ నాలుగుసార్లు టైర్లు మార్చుకున్నాడు. జగ్గారావు ఒక్కసారే మార్చాడు, గెలిచాడు.

“ఒప్పుకున్నాను బాబాయ్. నీది నిదానం కాదు, పనితనం.”

ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూసిన మాట. చెప్పులు వేసుకోవడానికి వంగిన జగ్గారావుకు, పెడలు కింద ఇరుక్కున్న నిమ్మకాయ కనిపించింది. నలగలేదు. అంటే మూడు గంటలూ బ్రేకు సగమే పడింది. గట్టిగా తొక్కే వీలే లేనివాడు టైర్లను కాపాడడం ఒడుపెలా అవుతుంది?

ఎవరూ చూడలేదు. అతడు కాయను జేబులో వేసుకుని పైడయ్యతో బస్టాపు దాకా నడిచాడు. రెండు షేర్ ఆటోలు ఆగి, పిలిచి, వెళ్లిపోయాయి. పైడయ్య మూడోదాన్ని ఆపేలోగా జగ్గారావు వెనక్కి తిరిగాడు.

నిమ్మకాయను షానవాజ్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు.

షానవాజ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “అయితే గెలుపు దండ దీనికెయ్యాలి బాబాయ్.”

“ఏసుకో. వచ్చే ఆదివారం మళ్లీ తోల్తాను. కాయ నీకాడే ఉంచు.”