రేవులో కట్టేసిన బండి

నిన్న సాయంత్రం మా మేనల్లుడు ఫోన్లో ఒక ఫోటో పంపాడు. లోపల పరుపు, చిన్న పొయ్యి, కిటికీలకు పూల తెరలు ఉన్న తెల్లటి వ్యాను. దాన్ని కాంపర్ వ్యాన్ అంటారట, అద్దెకు కూడా ఇస్తారట, ఈసారి సెలవులకు భార్యతో కలిసి అందులోనే తిరుగుతాడట. ఇలాంటివి ఉంటాయని నీకు తెలుసా అత్తా అని చివర ఒక ప్రశ్న. నాకూ ఒక బండి ఉన్న రోజుల్లో వాడు దూరాన హాస్టల్లో చదువుకుంటున్నాడు, పైగా మా తమ్ముడు ఇలాంటి సంగతులు పిల్లల దగ్గర ఎత్తే మనిషి కాడు. బాగుందిరా అని జవాబిచ్చి ఫోను పక్కన పెట్టాను గాని, బయట వాన పడుతూండటంతో మనసు మాత్రం తిన్నగా సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి కూర్చుంది.

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పరీక్ష హాల్లో అటూ ఇటూ దిక్కులు చూసే పిల్లవాడి కన్నా, తల ఎత్తకుండా బుద్ధిగా రాసేవాడి మీదే నాకు ముందు అనుమానం కలిగేది, ఆ అనుమానం చాలాసార్లు నిజమయ్యేది కూడా. అన్నేళ్ళు అలా గడిపాక చూపు మామూలుగా ఎలా ఉంటుంది చెప్పండి. కూరగాయలవాడు నవ్వితే తూకం మీద కన్ను పడుతుంది, ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే చేతిసంచి దగ్గరకు లాక్కుంటాను. నువ్వు పోలీసుల్లో చేరాల్సిందని మావారు ఏడిపించేవారు.

ఆయన పోయాక, ఇంట్లో రెండు గదులూ నాకు ఎక్కువైపోయి, బడిపిల్లల్ని మోసి మోసి అలసిపోయిన ఒక పాత వ్యాను కొన్నాను. వడ్రంగి చేత లోపల మంచం కొట్టించాను. పొయ్యి, నీళ్ళ డబ్బా, రెండు గిన్నెలు, మావారి పాత రేడియో, అంతే సామాను. చెయ్యి తిరిగిన డ్రైవింగే గనుక ఒక్కదాన్నే బయలుదేరతానన్నాను. అమలాపురంలో ఉన్న మా తమ్ముడు మాత్రం వాదించి వాదించి, చివరికి ఒక షరతు పెట్టి ఊరుకున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నీ గురించి నాకు ఒక్కసారి ఫోను చేసినా, ఆ రోజుతో బండి అమ్మేయాలి, మాట తప్పకూడదు. నేను ఒప్పుకున్నాను. నా గురించి ఎవరో ఎందుకు ఫోను చేస్తారు?

అది వర్షాకాలం. జొన్నాడ దగ్గర గోదావరి దాటుతుంటేనే ముసురు పట్టింది. కొత్తపేటలో ఒక అరటిపళ్ళ గెల, చూసి మనసాగక కాస్త పూతరేకులు కొన్నాను. ఆ తరువాత తమ్ముడి కంట పడకుండా అమలాపురం రోడ్డు వదిలేసి, బడి ఎగ్గొట్టిన పిల్లలా సంతోషపడుతూ రాజోలు వైపు తిరిగాను. వానలో కొబ్బరితోటలు నల్లగా, చేలు పచ్చగా, రోడ్డు మీద నేను తప్ప ఎవరూ లేకుండా ఉన్న ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. సఖినేటిపల్లిలో బండిని పంటు ఎక్కించి నరసాపురం దాటాలని నా ఆలోచన. పంటంటే తెలుసుగా, మనుషుల్నీ బళ్ళనీ కలిపి ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. తీరా చేరేసరికి వరద నీరు ఎర్రగా దిగి, గాలి కూడా తోడై, పంటు ఆపేశారు. ఉన్న నాలుగు బళ్ళూ వెనక్కి తిరిగి వంతెన దారి పట్టాయి. నేను మాత్రం వాన చూడటానికే వచ్చినదాన్ని, నాకేం తొందర? బండిని ఒక పక్కకు తీసి, ముందు అద్దంలోంచి ఏరు బాగా కనబడేలా గట్టు వాలున నిలిపాను.

రేవులో ఒక టీ బడ్డీ ఉంది. దాన్ని నడిపే ఆవిడ, పంటు మీద పనివాడైన ఆవిడ భర్త, ఆవిడ అత్తగారు, ఆ వానలో ఉన్న మనుషులు ఆ ముగ్గురే. టీ తాగుతూ మామూలుగా నాలుగు మాటలాడాను. పళ్ళు మగ్గిపోతున్నాయని గెలలో సగం, తీపి నాకు పడదని పూతరేకుల పొట్లం మొత్తం ఆవిడకు ఇచ్చేశాను. ఇక్కడ లోతెంత ఉంటుందండీ అని ఆయన్ను అడిగాను. ఆ ప్రశ్నతో భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్ష హాల్లో నేను అలాంటి చూపులు వేలకొద్దీ చూశాను.

"ఒక్కరే వచ్చేరా అండి? మీ వాళ్ళెవరూ రాలేదా అండి?" అని ఆవిడ.

ఎవరూ రాలేదని, తమ్ముడు అమలాపురంలో ఉన్నాడని అనేశాక గాని అనకూడదని తోచలేదు. మీ తమ్ముడుగారి నంబరేమైనా ఉందా అండి అంటూ మరీ మెత్తగా రెండో ప్రశ్న వచ్చేసరికి నాకు పూర్తిగా అర్థమైపోయింది. ఒంటరి ఆడమనిషి, బండి నిండా సామాను, చుట్టుపక్కల నరపురుగు లేదు. నేను వ్యానులోకి వచ్చి తలుపు వేసుకుని, చేతి గాజులూ మెడలో గొలుసూ తీసి శనగలు నానబోసిన గిన్నె అడుగున దాచాను. ఆ తీయడం బడ్డీ ఆవిడ కిటికీలోంచి చూడనే చూసింది.

కాసేపటికి బండి వెనక ఏదో చప్పుడైంది. తెర తొలగించి చూద్దును గదా, ఆ పంటు మనిషి చక్రాల కింద రాళ్ళు తోసి, పంటును ఒడ్డుకు కట్టే లావుపాటి మోకు తెచ్చి నా బండి వెనక బంపరుకు బిగించి, రెండో కొసను కొబ్బరిచెట్టుకు చుట్టి ముడులు వేస్తున్నాడు.  పారిపోకుండా కట్టేస్తున్నారన్నమాట. గొంతు పెంచి అడిగితే ఆయన వానలో తడుస్తూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గాలి ఎక్కువుందండి అమ్మగారూ. ఉంటే మంచిదని కట్టేనండి."

గాలికి వ్యాను ఎగిరిపోతుందా? ఇంత పచ్చి అబద్ధం మా అయిదో తరగతి పిల్లలు కూడా ఆడరు. అదే సమయానికి అత్తగారు గొడుగు ఒకటి నెత్తిన పట్టుకుని, ఇన్ని కొబ్బరాకులూ ఒక చాకూ పట్టుకొచ్చి, నా బండి మెట్టు మీద చతికిలబడి చీపురుకు ఈనెలు తీయడం మొదలుపెట్టింది. బడ్డీలో పొడి చోటు ఉండగా నా గుమ్మంలోనే ఎందుకు? పైగా చేతిలో చాకు. తమ్ముడికి ఫోను చేద్దామా అంటే షరతు గుర్తొచ్చింది. నేనే చేసినా వాడికి ఒకటే, బండి పోతుంది, చేయకపోతే ప్రాణమే పోయేలా ఉంది. మధ్యాహ్నమంతా మేమిద్దరం అలాగే ఒకరినొకరు కనిపెట్టుకుంటూ గడిపాం. నేను దగ్గితే ఆవిడ తల తిప్పేది, ఆవిడ కదిలితే నేను అట్లకాడ అందుకునేదాన్ని.

వాన పెరిగింది. గొడుగు లోపలికి జల్లు కొట్టి ఆవిడ చీర తడిసిపోయింది, వణుకుతోంది, దగ్గుతోంది, లేవమంటే లేవదు. చివరికి నాకే ఓపిక నశించి, ఏం కావాలండీ మీకు అని గట్టిగా నిలదీశాను. ఆవిడ చాకు కింద పెట్టింది.

"మాకేం వద్దండి. మీరు లోతెంతని అడిగేరు, బండి మొహం ఏటికేసి పెట్టేరు, ఉన్నవన్నీ పంచిపెట్టేసేరు. ఒకావిడ ఇలాగే వానలో వచ్చిందండి. పంటు కోసమేనంది. మా కోడలికి గొడుగిచ్చేసింది. మంచావిడనుకుని మేం ఇంట్లోకెళ్ళి కూచున్నామండి. తిరిగొచ్చేసరికి గట్టు మీద లేదండి. ఈ గొడుగేనండి."

 సిగ్గూ వేసింది, కోపమూ వచ్చింది. నేను అందుకు రాలేదండీ, రేపటికి శనగలు కూడా నానబోసుకున్నాను చూడండి అని గిన్నె చూపించాను. ఆవిడ తొంగి చూసింది. శనగల్లో బంగారం మెరుస్తోంది.

"ఆయ్, అలాగేనండి" అంది, అని మళ్ళీ చాకు తీసుకుంది గాని మెట్టు దిగలేదు.

ఏం చెప్పినా ఆయ్ అనే అంటుంది, కదలదు. లోపలికి రమ్మంటే, గుమ్మం వదిలితే ఎలా అన్నట్టు చూస్తుంది. నాలా మాట నమ్మని మనిషిని నా జీవితంలో మొదటిసారి చూశాను. ఆ వయసులో ఆ తడికి ఆవిడ మంచాన పడటం ఖాయం, అది కళ్ళ ముందు కనబడుతోంది. నాకు బండి ఎంత ఇష్టమో ఎవరికి చెప్పగలను? మావారు పోయాక నాకు నిద్ర పట్టింది ఆ వడ్రంగి మంచం మీదే. అయినా ఫోను తీశాను. తమ్ముడి నంబరు నొక్కి, అది ఆవిడ చెవి దగ్గర పెట్టాను.

"మీ అక్కగారు బాగానే ఉన్నారండి. మాకే బాగోలేదండి. కాస్త వచ్చి తీసుకెళ్ళండి" అంది ఆవిడ.

తమ్ముడు పొద్దుగుంకే లోపలే వచ్చాడు. వాడిని చూశాకనే ఆవిడ మెట్టు దిగింది, పంటు మనిషి మోకు విప్పాడు. బడ్డీ ఆవిడ మా ఇద్దరికీ వేడిగా టీ ఇచ్చి, పొట్లం విప్పని పూతరేకులు నా చేతిలోనే తిరిగి పెట్టింది. వాడు షరతు ఎత్తకముందే నేనే తాళాలు తీసి ఇచ్చాను. ఆ నెలలోనే బండి అమ్మేశాం.

ఇప్పుడు నేను ఉండే అపార్ట్‌మెంట్లో అందరూ చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు, ఒకరి జోలికి ఒకరు పోరు. మన చిన్నప్పుడు పొద్దున్న వాకిట్లో ముగ్గు పడకపోతే పక్కింటివాళ్ళు వచ్చి తొంగి చూసేవారు, అదో విసుగుగా ఉండేది. నిరుడు వానల్లో నాకు గట్టి జ్వరం తగిలి మంచం దిగలేకపోయాను. గుమ్మంలో పాల పాకెట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, మెట్ల మీద చెప్పుల చప్పుడు వస్తోంది, పోతోంది. నా మీద ఎవరికైనా ఒక్క అనుమానం కలిగితే బాగుండునని, మూసిన తలుపు వైపే చూస్తూ పడుకున్నాను.