మూల దగ్గర విరిగిన కొండ

మా ఆయన రాయగడ లైనులో గూడ్సు బండి నడిపేవాడు. ఇంట్లో ఖాళీ దొరికినా మళ్లీ రైలే. ముందుగదిలో రెండు గోడలు కలిసే మూలన బల్ల వేసి, దాని మీద వేలెడు వెడల్పు పట్టాలు పరిచి, గజపతినగరం స్టేషన్ని బొమ్మగా కట్టుకున్నాడు. వెనక గోడలకు కొండలు, ఆకాశం కట్టడం మాత్రం మిగిలింది. అంతలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్క పూటలోనే పోయాయి.

శ్రీకాకుళం డాక్టరు, ఆయనకు తెలిసిన వస్తువులు కళ్లెదుట ఉంచమన్నాడు. మనిషికి ఎంత తెలుస్తోందో మాత్రం చెప్పలేనన్నాడు. నేను ఆ మొదటి మాటనే పట్టుకుని, ఆయన మంచం బల్ల పక్కకు మార్పించి, కొండలు నేనే కడతానని కూర్చున్నాను.

ముందు కొండల బొమ్మతో ఫ్లెక్సు కొట్టించాను. ట్యూబులైటు పడి కొండలు పెళ్లిపందిరిలా మెరిశాయి. థర్మోకోలు మీద ఆయిల్ పెయింటు వేస్తే నా కళ్లముందే కరిగి గుంటలు పడింది. గుడ్డ బిగిస్తే ముడతలు. చివరికి ప్లైవుడ్డు రెండు ముక్కలు కోయించి, చెరో గోడకూ బిగించి, వారం రోజులు రంగులు వేశాను. ఇది కూడా కాకపోతే ఇంక నా చేతిలో ఏమీ లేదనిపించేది.

"సూడు బావా, బాగున్నాదా?"

ఆయన ఎడం చేత్తో బల్ల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సిగ్నల్ స్తంభం విరిగిపడింది. నోట్లోంచి మాటకాని అరుపు.

వంటింట్లోంచి మా ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది. "ఒదినా, ఏటీ పిచ్చి నీకు? మనిషికి తెలివి నేదని సెప్తంటే ఇనవు."

నాకు ఒళ్లు తెలియలేదు. "ఏటి సెయ్యమంతావు? నన్నేటి సెయ్యమంతావు బావా?" అని ఆయన మీదే అరిచాను. ఆ చెయ్యి మూలకేసి చూపించింది. చూశాను. పలకలు కలిసిన చోట పైనుంచి కిందికి నిలువు గీత. కొండ రెండుగా విరిగింది.

"అతుకా? అతుకు కనబడతందనా?"

నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

సంతోషం రావాలి కదా. రాలేదు. మూడు నెలలుగా ఆయన తల దగ్గరే నిలబడి మేమేమేం మాట్లాడుకున్నామో ఒక్కసారిగా గుర్తొచ్చింది. పొరుగావిడతో నేను, "దేముడు తీసుకుపోయినా బాగున్ను" అన్నాను. ఆయన మంచం పక్కనే అన్నాను.

"అది ఇన్నావా బావా?"

మళ్లీ నొక్కాడు. ఈసారి మెల్లిగా. ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో తెలీదు.

తర్వాత బజారు నుంచి నేల మీద పరిచే ప్లాస్టిక్ మ్యాటు తెచ్చాను. దాని వెనకవైపు మెరవదు, మూలలో గుండ్రంగా వంగుతుంది, అతుకు అక్కర్లేదు. ముక్క కోసి ఆయన చేతికిచ్చాను. బొటనవేలితో చాలాసేపు రాసి చూసి, నా చెయ్యి నొక్కి ఒప్పుకున్నాడు.

మాట ఇప్పటికీ రాలేదు. రాదేమోనని భయం. కొండలు కుదిరాయి, ఆకాశానికి ఏ నీలమో మాత్రం ఇంకా తేలలేదు. ఏడు రకాలు చూపిస్తే, చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నాడు.