ఒకసారి కన్ను కొడితే

మా డార్జిలింగ్ కొండదారుల్లో జీపు లైటుని కన్ను అంటారు. మలుపులో ఎదురుబండికి ఒకసారి కన్ను కొడితే, అంటే లైటు ఆర్పి వెలిగిస్తే, ‘నేను ఆగాను, నువ్వు రా’ అని. రెండుసార్లు కొడితే ‘నువ్వు ఆగు, నేను వస్తున్నాను’ అని. ఏ పుస్తకంలోనూ రాసిలేని చట్టం ఇది. పొగమంచు కమ్మిన రోజుల్లో ప్రాణాలన్నీ దీనిమీదే నడుస్తాయి.

హర్కమాన్ రాయ్ ఇరవై ఆరేళ్ళుగా సుఖియా నుంచి రింబిక్‌కి జీపు తోలుతున్నాడు. మెకానిక్ షెడ్డు గడప తొక్కని మనిషి. బండికి ఏ జబ్బు చేసినా తన వాకిట్లోనే కుదరాలి. పెళ్ళానికి జ్వరమొస్తే కషాయం పెట్టుకోమనే ఈయన, జీపు దగ్గితే మాత్రం అన్నం మానేస్తాడని భార్య సుకమాయ పదిమందిలో దెప్పేది.

మొన్నటి విశ్వకర్మ పూజకి మిగతా డ్రైవర్లు బండ్లు కడిగి, దండలేసి, బొట్టుపెట్టి ఊరుకున్నారు. హర్కమాన్ ఊరుకుంటాడా? లైట్లూ గ్రిల్లూ విప్పేసి ముందుభాగమంతా ఆకుపచ్చ రంగు రెండు పూతలు తనే వేశాడు. పంతులు హారతి ఇస్తుంటే ఆ మెరుపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

పూజ అయిన నాలుగోరోజు మధ్యాహ్నం మూడింటికే మంచు దిగింది. హర్కమాన్ లైట్లు వేసుకుని కొండ దిగుతున్నాడు. ఎదురుగా ఫుర్బా జీపు ఎక్కుతూ వచ్చి మలుపు దగ్గర ఆగింది. ఫుర్బా ఇతని పక్కన కూర్చునే స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు. ఇంతలో హర్కమాన్ బండి చక్రం గుంతలో పడి లేచింది. అంతే, ఆగి ఉన్న ఫుర్బా ముందుకొచ్చేశాడు. రెండు బండ్లు పట్టే దారి కాదది. గుద్దుకోకుండా ఫుర్బా బయటి అంచుకి తిప్పాడు. అంచు జారిపోయింది.

బండిలో అతనొక్కడే ఉన్నాడు. నడుము విరిగింది, ఇక లేచి నడవడన్నారు. డార్జిలింగ్ ఆసుపత్రిలో పడుకుని ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాడు.

“అన్న కన్ను కొట్టాడు, వచ్చాను.”

తను స్విచ్చు ముట్టుకోలేదని హర్కమాన్ ఒట్టేశాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని ఊరు తేల్చుకుంది. నడుము విరిగినవాడికి అబద్ధంతో పనేముంది? పక్కింట్లో ఉండే ఫుర్బా తల్లి డికీ, నిన్నటిదాకా హర్కమాన్‌ని నా పెద్దకొడుకు అనేది. ఇప్పుడు ఇతను కనబడితే తలుపేసుకుంటోంది. హర్కమాన్‌కి తిండి సహించడం మానేసింది ఆ తలుపు చప్పుడుతోనే.

అతనికిక కావలసింది ఒక్కటే. ఆ లైటు కుదుపుకి దానంతటదే ఆరి వెలుగుతుందని డికీ కళ్ళారా చూడాలి. అప్పుడు కొడుకు చూసిందీ నిజమే, ఇతను చెప్పిందీ నిజమే అవుతుంది.

పొద్దున్నే వాకిట్లో జీపు నిలబెట్టి మొదలుపెట్టాడు. బల్బులు మార్చి చూశాడు. బ్యాటరీ కొనల మీద పూసిన తెల్లటి చిలుము గీకాడు. స్విచ్చుని తప్పించి బ్యాటరీ నుంచి లైటుకి నేరుగా తీగ లాగాడు. లైట్లు నిలకడగా వెలుగుతూనే ఉన్నాయి. చివరికి ఒళ్ళు మండి బానెట్టు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. రెండు లైట్లూ టక్కున ఆరి, మళ్ళీ వెలిగాయి. సుకమాయ కూడా చూసింది. ఇంకోసారి చరిచాడు, ఇంకోసారి కన్ను కొట్టింది.

“కాళ్ళు పట్టుకునైనా సరే, డికీ అమ్మని తీసుకురా,” అన్నాడు.

సుకమాయ వెళ్ళింది. ఎంతకీ రాదు. పక్కింట్లో బతిమాలుతున్న గొంతు వినిపిస్తోంది. హర్కమాన్ కిందికి వంగి, స్విచ్చు తప్పించినా పోలేదంటే తప్పు కరెంటు తిరిగెళ్ళే దారిలో ఉండాలి కదా అనుకున్నాడు. రెండు లైట్ల నల్లతీగలూ కలిపి బండి ఇనుముకి బిగించిన నట్టు దగ్గరికి వేలు పోనిచ్చాడు. నట్టు కింద ఇనుము తగల్లేదు. ఆకుపచ్చ రంగు తగిలింది, రెండు పూతలు. రంగు మీద బిగిస్తే కరెంటు ఎలా పోతుంది? వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. తప్పు కనబడ్డాక ఆ చేతులు ఆగలేదు. నట్టు విప్పాయి, గరుకు కాగితంతో రంగు గీకాయి, ఇనుము తెల్లగా మెరిశాక గట్టిగా బిగించాయి. చేతులు తుడుచుకుని తల ఎత్తేసరికి డికీ ఎదురుగా నిలబడి ఉంది.

“ఏదీ, చూపించు,” అంది.

చరిచాడు. లైటు కదల్లేదు. రెండు చేతులతో చరిచాడు. బండి ఊగింది గానీ లైటు ఊగలేదు. ఏం చేశాడో హర్కమాన్‌కి అప్పుడు తెలిసొచ్చింది. గబగబా వంగి నట్టు వదులు చేశాడు. లైట్లు ఆరి వెలిగాయి.

“ఇదిగో, ఇలాగే అమ్మా. రంగు అడ్డం పడింది. ఇప్పుడే గీకేశాను...”

తాను చూశానని సుకమాయ అనబోయింది. డికీ ఆమె వంక తిరగను కూడా లేదు.

“నీ చెయ్యి పెడితే ఆడతాయి, తీస్తే ఆగుతాయి,” అంది డికీ నెమ్మదిగా. “నా కొడుకు చెప్పిందీ అదేగా నాయనా.”

ఆవిడ వెళ్ళిపోయింది. ఏంచేయాలో తోచక హర్కమాన్ ఆ నట్టునే మళ్ళీ బిగించాడు. అప్పుడే దిగుతున్న మంచులో ఆవిడ నడిచిన మేరా, తలుపు వేసుకునేదాకా, లైట్లు దారి చూపించాయి. ఒక్కసారి కూడా కన్ను కొట్టలేదు.