రెండు సెకన్ల సారు

బుధవారం ఉదయం ఆఫీసు లిఫ్టు తలుపులు మూసుకోవడానికి నాలుగుంపావు సెకన్లు పట్టింది. మంగళవారం కంటే పావు సెకను ఎక్కువ. ఈ సంగతి ఆ బిల్డింగు మొత్తంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆయన మెడలో ఐడీ కార్డు పక్కన ఒక స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, వాచీ మరిచిపోయిన రోజు లేదు.

ఎదురుగా కదిలేది ఏదైనా సరే, కొలవందే ఆయనకు తోచదు. ఫోన్లో యాప్ అయితే వేలు తగిలిన రెండు సెకన్లలోపు తెరుచుకోవాలి, లేకపోతే ఒప్పుకోడు. అందుకే ఆఫీసంతా ఆయన్ని రెండు సెకన్ల సారు అంటారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు మాత్రమే అవసరం.

ఆయన చేసేది ఫ్రేమ్‌వర్కు. అంటే పునాది, గోడలు, పైకప్పు ముందే కట్టి ఉంచిన ఇల్లులాంటిది. యాప్ కావాలన్నవాళ్లు సామాను తెచ్చుకుని దిగితే చాలు. ఆ ఇంట్లో ఒక్క ఇటుక అనవసరంగా కనిపించినా ఆయన పీకి పారేస్తాడు. వేగం అంటే ఫోనును పరిగెత్తించడం కాదనీ, దానికి అక్కర్లేని చాకిరీ తప్పించడమనీ ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం విననివాళ్లు ఆఫీసులో లేరు. రెండోసారి వినడానికి ఆగినవాళ్లూ లేరు.

ఇంట్లోనూ ఇదే వరస. పెళ్లికి సరేననడానికి భార్యకు పదకొండు సెకన్లు పట్టిందని ఇప్పటికీ చెబుతాడు. ఇంకో పదకొండు తీసుకుని ఉండాల్సిందని ఆవిడ కూడా ఇప్పటికీ చెబుతుంది.

ఈయన్ని భరించడం ఉద్యోగంలో భాగమైన మనిషి మేనేజరమ్మ. వయసులో ఆయన కంటే పన్నెండేళ్లు చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. ఆ బుధవారం ఆమెకు లిఫ్టు సంగతి వినే ఓపిక లేదు. మర్నాడు పదింటికి ఒక నర్సింగు సంస్థ యజమానురాలు వస్తోంది. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సుల కోసం ఈ ఫ్రేమ్‌వర్కు మీద ఒక యాప్ కట్టారు. ఆవిడ ఔనంటే సరే. కాదంటే ఫ్రేమ్‌వర్కు అటకెక్కుతుంది, ఏడుగురు మనుషులున్న టీము తలో దిక్కూ అవుతుంది. పైవాళ్లు ఈ మాట మెత్తగానే చెప్పారు, కానీ రెండుసార్లు చెప్పారు.

సరిగ్గా అప్పుడు రెండు సెకన్ల సారు ఒక ఫోను పట్టుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. దాని పేరు పెద్దమ్మ. అద్దం మూల నుంచి మూలకు పగిలింది, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. పెద్దమ్మలో యాప్ తెరుచుకోవడానికి మూడుంపావు సెకన్లు పడుతోందట. కారణం పువ్వు. యాప్ తెరవగానే తెర మీద ఒక పువ్వు రేకు రేకుగా విచ్చుకునేలా డిజైనరమ్మాయి నెల రోజులు కూర్చుని గీసింది.

"తలుపు కొడితే ముందు తలుపు తియ్యాలి మేడం. మనం లోపల కూర్చుని పాటెత్తుకున్నాం" అన్నాడు సారు.

పక్క బల్ల దగ్గరున్న డిజైనరమ్మాయి ఊరుకోలేదు. "సార్, ఇలాంటి ఫోన్లు ఇంకా ఎవరు వాడుతున్నారు?"

"నేను."

"మీరు కాక."

ఆయన వాచీని సున్నాకు తిప్పుకున్నాడు.

మేనేజరమ్మ తీర్పు చెప్పేసింది. పువ్వు ఉంటుంది, రేపు చూపించేది కొత్త ఫోనులో. ఉద్యోగంలో చేరిన తేదీ వచ్చిన ప్రతి ఏడూ కంపెనీ అందరికీ ఒక మంచి ఫోను బహుమతిగా ఇస్తుంది. పోయిన నెల సారుకు ఇచ్చినది అన్నిటికంటే కొత్తది కాబట్టి దాన్ని తెమ్మంది.

సారు కిటికీ వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు. "అది వాడుకలో ఉంది మేడం" అన్నాడు చివరికి. అన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చే మనిషికి ఇందుకు ఆరు సెకన్లు పట్టింది. తను కూడా లెక్కపెడుతున్నానని మేనేజరమ్మకు అప్పుడు తెలిసి ఒళ్లు మండింది.

ఆయన భోజనానికి వెళ్లాక ఆమె ఆయన సొరుగు లాగింది. తాళం లేదు. లోపల అన్నీ ముసలి ఫోన్లే. ఒక్కోదాని మీద చీటీ అంటించి ఉంది. తాబేలు, బద్ధకం, నిద్రమత్తు, రేపురా. పెద్దమ్మతో కలిపి తొమ్మిది. ఆయన చేరి తొమ్మిదేళ్లు. తొమ్మిది కొత్త ఫోన్లలో ఒక్కటీ కనపడలేదు. బహుమతులు అమ్ముకుని తుక్కు కొనుక్కునే మనిషి చేతిలో టీము భవిష్యత్తు పెట్టానే అని ఆమె కుర్చీలో కూలబడింది.

అప్పుడే బల్లలు తుడిచే ఆవిడ అటుగా వచ్చి పెద్దమ్మను చూసి ఆగింది. "ఇంకా బతికే ఉందా మేడం ఇది? నాదే."

"నీదా?"

"సారు వారం రోజులు నా వెనకపడ్డారు. పరీక్షలకి నెమ్మది ఫోన్లు కావాలట, ఎక్కడా దొరకట్లేదట. బదులుగా కొత్తది తీసుకోమన్నారు. నేను వద్దన్నాను మేడం. ఆయన మొహం చూస్తే జాలేసింది. పోన్లే పాపం అని ఇచ్చేశాను." జేబులోంచి కొత్త ఫోను తీసి చూపించింది. పాతదాంట్లో చెల్లెలి గొంతే వినపడేదనీ, ఇందులో మొహం కూడా కనపడుతోందనీ చెప్పింది.

టీ మిషను దగ్గరుండే ఆయన ఆ మాట విని ముందుకొచ్చాడు. తాబేలు ఆయనదట. ఆయన కూడా పాపం అనే ఇచ్చాడట. గేటు దగ్గర గార్డుదైతే నిద్రమత్తు. బిల్డింగు మొత్తంలో నీదే అన్నిటికంటే నెమ్మది అని సారు స్వయంగా చెప్పారని అతను ఏడాదిగా చెప్పుకుంటున్నాడట. బల్లలు తుడిచే ఆవిడకు రోషం వచ్చింది. ఆ మాట సారు అన్నది తనతోనట.

మేనేజరమ్మ నవ్వు ఆపుకోవడానికి పెద్దమ్మలో యాప్ తెరిచి ఆవిడకు చూపించింది. పువ్వు మొదలైంది. ఒక రేకు విచ్చుకుంది, ఆగింది, ఇంకోటి విచ్చుకుంది. ఆవిడ గుడ్డ భుజాన వేసుకుని శ్రద్ధగా చూసింది.

"బాగుంది మేడం. పని ఎప్పుడు మొదలవుతుంది?"

డిజైనరమ్మాయి కుర్చీ ఇటు తిరిగింది. మళ్లీ అటు తిరిగి పనిలో పడింది. నాలుగింటికల్లా పువ్వు చోటు మారింది. నర్సు ఆ రోజుకి ఆఖరి రోగిని చూసి, పని అయిపోయిందని నొక్కాక విచ్చుకుంటుంది. అప్పుడు ఎవరికీ తొందర ఉండదు.

సారు పెద్దమ్మ మీద మూడుసార్లు కొలిచాడు. నాలుగోసారి వాచీ మెడలోంచి తీసి డిజైనరమ్మాయి చేతికిచ్చాడు. ఆ వాచీ మరొకరి చేతిలో ఉండగా అంతకుముందు ఎవరూ చూడలేదు. ఒకటి పాయింటు తొమ్మిది.

"మీ కొత్త ఫోను గురించి ఇంక అడగను సార్" అంది మేనేజరమ్మ, ఇంటికి వెళ్తూ.

సారుకు అర్థమైంది. "బల్లలు తుడిచే ఆవిడతో ఏమీ అనకండి మేడం. తెలిస్తే తిరిగిచ్చేస్తానంటుంది."

గురువారం పదింటికి యజమానురాలు వచ్చింది. మేనేజరమ్మ ఆమె చేతిలో పెట్టింది పెద్దమ్మనే. ఆవిడ యాప్ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. రబ్బరు బ్యాండు వైపు కాసేపు చూసి, వచ్చే నెల నుంచి మొదలుపెడదామంది. ఇక్కడికి రాకముందు చూసిన యాప్‌లన్నీ కొత్త ఫోన్లలోనే చూపించారట. తమ నర్సుల చేతుల్లో ఉన్నవి దీనికంటే అధ్వాన్నమట.

అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్న సారు నిటారుగా కూర్చున్నాడు.

"ఇంకా నెమ్మదివా? మా పరీక్షలకి అలాంటివి కావాలండీ. ఎక్కడా దొరకట్లేదు."

ఈ మాటలు మేనేజరమ్మ నిన్ననే విన్నది. తర్వాత ఏం జరగబోతుందో కూడా ఆమెకు తెలుసు. యజమానురాలి మొహంలో అప్పుడే జాలి మొదలైంది.

"అయ్యో పాపం. ఎన్ని కావాలండీ?"

"మీ దగ్గర ఎన్నున్నాయి?"

మేనేజరమ్మ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. కానీ అర సెకను ఆలస్యమైంది.

"ముప్పై ఆరు" అంది యజమానురాలు.