కొబుసింగ్యె కాచిన నీళ్ళు

కబాలె కొండల్లో కొబుసింగ్యె నీళ్ళ పిచ్చి తెలియనివాళ్ళు లేరు. కాచనిదే చుక్క నీరు ఎవరి గొంతూ దిగనిచ్చేది కాదు. చర్చికి పోయినా సొంత నీళ్ళ సీసా చంకన పెట్టుకుపోతుందని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం! ఆమె కొడుకు అరినైత్వె నాలుగేళ్ళ వయసులో విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయాడు. మొదటిరోజే నర్సు చెప్పింది, నీళ్ళల్లో క్రిములున్నాయి, కాచి పొయ్యమని. ఇరవై రెండేళ్ళుగా ఆ క్రిముల మీద కక్ష కట్టి బతికింది.

మొగుడు పోయాక బ్రాయిలర్ కోళ్ళు పెట్టుకుంది. ఈసారి తెచ్చిన నూట యాభై పిల్లలకు రెండో వారంలో పారుడు రోగం తగులుకుంది. పశువుల డాక్టరు తురినావె ఒక పొడి ఇచ్చి, నీళ్ళల్లో కలిపి పెట్టమన్నాడు. పేగులు బాగుపడతాయి, మేత ఒంటబడుతుందన్నాడు. ఈ పిల్లల్ని మాత్రం పోనివ్వనని ఆమె పంతం పట్టింది. తెర్లే నీళ్ళల్లో పొడి కలిపి, చల్లార్చి, ఒక్కొక్కదానికీ ముక్కు తెరిచి తాగించింది. వారం తిరిగేసరికి ముప్ఫై మిగిలాయి. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అంటారు గానీ, ఈ పిచ్చితల్లి చేసుకున్న పాపమేమిటో నాకైతే తెలియదు.

తురినావె వచ్చి, పొయ్యి మీద కుండలో తేలుతున్న పొడి చూసి తల పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఇందులో ఉన్నవి ప్రాణమున్న క్రిములే. మంచివి. నువ్వు వాటిని ఉడకబెట్టేశావు."

"క్రిముల్లో మంచివి కూడానా?"

"ఎందుకుండవు? మన బుషేరా పులిసేది అలాంటివాటివల్లే కదా."

కొబుసింగ్యె పొయ్యి మీది కుండ దించి, పాత సంగతి చెప్పుకొచ్చింది. కొడుకు ఆఖరి రోజున ఆమె అత్త గిన్నెడు బుషేరా, ఆ పులిసిన జొన్నంబలే, పట్టుకొచ్చిందట. వాడు దాహం దాహమంటూ చెయ్యి చాచాడట. కుళ్ళిన కూడు నా బిడ్డకు పోస్తావా అని ఈవిడ గిన్నె లాక్కుని వాకిట్లో పారబోసిందట. అత్త పోయేదాకా ఈవిడతో మాట్లాడలేదు.

ఆ జబ్బు అంబలితో తగ్గేది కాదని, తాగినా వాడు బతికేవాడు కాదని తురినావె నచ్చజెప్పబోయాడు.

"బతికేవాడు కాదులే నాయనా," అంది కొబుసింగ్యె. "ఆ గుక్కెడు తాగైనా పోయేవాడు. నీళ్ళు కాగుతున్నాయి, చల్లారేదాకా ఆగరా అన్నాను."