ఇవ్వకూడని సీసా

నిద్రలేచిన నకిబాయ్‌కి కన్ను తెరుచుకోలేదు. ఎడమ కన్ను తెరిచినా మూసినా ఒకటే, దాని చూపు వయసులో ఉండగానే పోయింది. ఇప్పుడు తెరుచుకోనిది కుడి కన్ను. పుసి కట్టి రెప్పలు రెండూ అతుక్కుపోయాయి. వేళ్లతో లాగబోతే చురుక్కుమంది. కోడి కూస్తోంది గాని వెలుగు వచ్చిందో లేదో తెలియడం లేదు.

"రుతా! ఒసేయ్ రుతా! నాకు కనబడ్డం లేదే!"

"అరవకయ్యా, ఊరంతా లేస్తుంది" అంటూనే భార్య పరిగెత్తుకొచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉతికిన గుడ్డ ముంచి మెల్లగా తుడిచింది. రెప్ప విడింది. మొగలాకు కప్పు మసకమసగ్గా కనబడింది. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఏడవడా మరి! అతను కల్లు గీసేవాడు. పొద్దున్నా సాయంత్రమూ కొబ్బరిచెట్టెక్కి, పూమొగ్గ కొన కోసి, సీసా కట్టి దిగాలి. ఒంటికన్నుతో ఇన్నేళ్లుగా ఎక్కుతున్నాడంటే, మానుకి కొట్టిన గాట్లన్నీ కాళ్లకి కంఠతా వచ్చు కాబట్టి. పైకెక్కి పాట అందుకున్నాడంటే కింద ఆడవాళ్లు చీపుళ్లు ఆపి వినేవాళ్లు. నోరూ మంచిది, చెయ్యీ మంచిది. ఎవరేం అడిగినా లేదనేవాడు కాదు.

అనడానికి వీల్లేదు కూడా. సముద్రం మధ్య వాళ్లుండే ఆ చిన్న దీవిలో అయినవాళ్లు వచ్చి "బుబుసి" అని నోరు తెరిచి అడిగారంటే, సైకిలైనా సరే, ఒంటి మీది చొక్కా అయినా సరే, ఇచ్చెయ్యాల్సిందే. కాదన్నవాడికి ఊళ్లో తల ఎత్తుకునే దారి ఉండదు.

ఎడమ కన్ను పోయింది ఆ మర్యాద వల్లే. అప్పట్లో ఊరంతా కళ్లకలకలు. ఎవరో తెచ్చిన కంటిమందు సీసాని ఒకరిని చూసి ఒకరు బుబుసి అడిగారు. ఊరి సభాశాలలో కూర్చుని, మూతి కంటికి ఆనించి పిండుకుని పక్కవాళ్లకి అందించారు. ఒకళ్ల పుసి ఇంకొకళ్ల కంట్లోకి. నకిబాయ్ వంతు వచ్చేసరికి ఆ సీసాలో మందెంతో రోగమెంతో దేవుడికే తెలియాలి. చాలామందికి తగ్గింది. అతనికి తగ్గలేదు.

రుతా చూరులోంచి పాత సీసా ఒకటి లాగింది. "పోయినేడు మనవడికిచ్చింది. కాస్త మిగిలింది, వెయ్యనా?"

"అవతల పారెయ్!" అని కేకేశాడు. ఆవిడ భుజం పట్టుకుని, దారంతా తడబడుతూ దవాఖానాకి నడిచాడు.

అక్కడి నర్సు ఎరిటబేటా టార్చి వేసి చూసింది. "పోటు పెడుతోందా? వెలుతురు చూడలేకపోతున్నావా?"

"మంట తప్ప పోటు లేదు సిస్టరమ్మా. కన్ను పోతుందా? నిజం చెప్పు."

"చెప్పినట్టు వింటే పోదు. ఈ చేతులతోనేనా నలిపింది? ముందు సబ్బు పెట్టు." చేతులు కడిగించి, కింది రెప్ప లాగి పట్టుకుని, లోపల ఒక్క చుక్క వేసింది. "చూశావా, మూతి ఎక్కడా తగల్లేదు. కంటికీ తగలకూడదు, వేలికీ తగలకూడదు. వేసుకున్నాక కన్ను మూసుకుని, ముక్కు పక్కన ఇలా నొక్కి కూర్చో. చూపు తేటపడేదాకా చెట్టెక్కకు. ఎక్కావో, ఈసారి నీ నడుముకి కట్టు కట్టాలి."

"తగ్గగానే ఆపెయ్యనా?"

"ఆపితే ఊరుకోను. వారమంతా వెయ్యి. మిగిలింది పారెయ్. చూరులో దోపావని తెలిస్తే నేనే వచ్చి చూరు పీకుతా. పోటు వచ్చినా చూపు తగ్గినా పరిగెత్తుకు రా. ఇంకోటి, ఈ సీసా నీ ఒక్కడిదే."

నకిబాయ్ సీసాని గుప్పిట్లో మూశాడు. "ఎవరైనా బుబుసి అంటేనో?"

ఎరిటబేటాదీ ఆ దీవే. కాదనడం ఎంత కష్టమో ఆమెకీ తెలుసు. "నర్సు తిడుతుందని చెప్పు" అంది చివరికి.

సీసాని మూత ఉన్న డబ్బాలో పెట్టి, నీడపట్టున దాచాడు. కన్ను తేటపడుతోంది గాని మనసులో భయం తగ్గలేదు. వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, డబ్బా మీద చెయ్యి వేసేవాడు. ఎవరికీ ఇవ్వనని అనడం ఎరగనివాడు దొంగలా దాచుకుంటున్నాడు. ఆ సిగ్గు ఒక పక్క, ఉన్న ఒక్క కన్నూ పోతుందేమోనన్న భయం ఇంకో పక్క.

భయపడ్డట్టే తమ్ముడి భార్య అకోయా వచ్చింది. చంకలో ఐదేళ్ల కూతురు కియేబు, తల్లి భుజంలో ముఖం దూర్చేసుకుంది.

"బావగారూ, బుబుసి. మీ కంటిమందు. పిల్లకి కన్నెర్రబడింది. రెండు చుక్కలు వేసి తెచ్చిచ్చేస్తా."

పక్కింటి వాకిట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది. నకిబాయ్ చెయ్యి డబ్బా మీదికి పోయింది. నర్సు తిడుతుందని చెబుదామనుకున్నాడు, ఆ మాట నోటికి రాలేదు. "ఇవ్వను" అనేశాడు.

అకోయా ముఖం మాడిపోయింది. "అవును లెండి. మీదేమో కన్ను, నా పిల్లది గవ్వా!"

గిరుక్కున తిరిగింది. ఎండ ముఖాన పడేసరికి పిల్ల కెవ్వుమని రెండు చేతులూ కంటికి అడ్డం పెట్టుకుంది. వెలుతురు చూడలేకపోతున్నావా అని నర్సు అడిగిన మాట నకిబాయ్‌కి చటుక్కున గుర్తొచ్చింది. ఇందాకటిది ఏం భయం? అసలు భయం ఇప్పుడు పట్టుకుంది.

"ఆగు అకోయా! దవాఖానాకి పద!"

"మీ సలహా ఎవడిక్కావాలి? మాలో మేం చూసుకుంటాం!"

"అయితే నేనూ అడుగుతున్నా. బుబుసి. పిల్లనియ్యి."

ఆవిడ నిలువునా కొయ్యబారిపోయింది. అక్కడ పెంచుకోవడానికి పిల్లల్ని అడగడం ఉన్నదే. ఇచ్చాక ఆ పిల్ల వాళ్లది. కాదందామంటే, కాదన్నందుకు ఆయన్ని దులిపేసిన నోరింకా ఆరలేదు. "బావగారూ..." అంది గాని చేతులు వాటంతటవే సడలాయి.

నకిబాయ్ చొక్కా విప్పి పిల్ల ముఖానికి నీడ కట్టాడు. వాకిట్లో ఉన్న తన సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తొక్కాడు. ఏది గుంటో ఏది నీడో తెలియక ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాడు. వెనక అకోయా ఏడుస్తూ పరిగెత్తుకొస్తోంది.

టార్చి వెలుగులో పిల్ల నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ కనబడింది.

"ఇది కళ్లకలక కాదు. నల్లగుడ్డు మీద పుండు పడింది" అంది ఎరిటబేటా. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఈ చుక్కల్ని నమ్ముకుంటే కుదరదు. రేపటి విమానంలో తరావా పెద్దాసుపత్రికి తీసుకెళ్లు."

"బావగారు ఆ మందిచ్చి ఉంటే?" అని అడిగింది అకోయా.

"తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చునేదానివి. ఈలోగా కన్ను పోయేది."

అకోయా నకిబాయ్ ఎడమ కన్ను వంక చూసి, గబుక్కున పిల్లని గుండెకి హత్తుకుంది.

వాళ్లు సముద్రం అవతల తరావాలో ఉన్నన్నాళ్లూ నకిబాయ్‌కి కబురు లేదు. తన కన్ను బాగైంది. వారమంతా మందు వేసుకుని, మిగిలింది నర్సు చేతికే ఇచ్చి వచ్చాడు. అయినా పొద్దున్నే రెప్ప ఎత్తాలంటే భయం, పిల్ల ఎత్తుతోందో లేదోనని ఇంకా భయం. చెట్టెక్కేవాడు గాని పాట వచ్చేది కాదు.

ఒక సాయంత్రం చెట్టు దిగేసరికి అకోయా నిలబడి ఉంది. పిల్లని ముందుకు తోసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీరడిగింది తెచ్చాను బావగారూ."

నకిబాయ్‌కి ముందు అర్థం కాలేదు. తను బుబుసి అడిగింది పిల్లనే కదా అని తర్వాత వెలిగింది. "పిచ్చిదానా, నాకిచ్చేశావు కదా, ఇక నా ఇష్టం. తీసుకుపో" అన్నాడు ఎలాగో.

కియేబు బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని, రెండోదానితో అతన్ని కిందికీ మీదికీ చూసింది. మచ్చ చిన్నగా మిగిలింది.

"పెదనాన్నా, నీ చొక్కాకి బొత్తాం లేదు!"

నకిబాయ్‌కి కళ్లల్లో నీళ్లు పొంగాయి. తుడుచుకోబోయి, కల్లు జిగురు అంటిన తన చేతులు చూసుకుని ఆగిపోయాడు.

"రుతా, సబ్బెక్కడ పెట్టావే?" అని కేకేశాడు.